నయాగరా జలపాతము

ఉత్తర అమెరికా ఖండమున, కెనడాకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమ, సముద్రములవలె విశాలములైన ఐదు మంచినీటి సరస్సులు గలవు. భూతలముపై నదులయందును సరస్సులయందును ఉన్న మంచినీటిలో సుమారు ఐదవ వంతు వీటియందే యున్నది. సుపీరియర్, మిచిగన్, హ్యూరాన్ అను మూడు సరస్సుల నీరు ఈరీ సరస్సును చేరును. ఈరీనుండి ఆ నీరు ఆంటారియో సరస్సునకు పోవును. ఈ రెంటిని కలుపునదియే నయాగరా నది. దీని పొడవు 36 మైళ్లు మాత్రమే. కాని ఆ కొద్ది దూరములోనే నది 326 అడుగులు దిగవలసి యున్నది. ఆ దిగుటలో దాదాపు సగము ఒక్కచోటనే, ఒక్క దూకున జరుగును. అదియే నయాగరా జలపాతము.

ఈ నది రెండు దేశములకును సరిహద్దు. పడమటి ఒడ్డు కెనడాది, తూర్పు ఒడ్డు అమెరికాది. జలపాతపు అంచున 'మేకల దీవి' అను చిన్న లంక యొకటి నదిని రెండుగా చీల్చును. కెనడా వైపున పడు ధార గుఱ్ఱపు లాడమువలె వంపు తిరిగి యుండును. అందుచే దానికి లాడపు జలపాతమని పేరు వచ్చినది. నది నీటిలో పదింట తొమ్మిది పాళ్లు ఇచ్చటనే పడును. దీని ఎత్తు సుమారు 170 అడుగులు. అమెరికా వైపు ధార ఇంతకంటె చిన్నది. దాని పాదమున పెద్ద పెద్ద బండలు గుట్టగా పడియున్నవి. దాని ప్రక్కనే దూకు మరియొక సన్నని ధారను 'పెండ్లికూతురి మేలిముసుగు' అని పిలుతురు. ప్రపంచమున ఇంతకంటె ఎత్తైన జలపాతములు అనేకము గలవు. మన దేశమందలి జోగ్ జలపాతము ఎనిమిదివందల అడుగులకు మించిన ఎత్తునుండి పడును. నయాగరా ఘనత ఎత్తున గాక నీటి రాశియందున్నది.

నదీప్రవాహమును కొలుచు క్యూసెక్కు అను కొలత మనకు పరిచితమే. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారినచో అది ఒక క్యూసెక్కు. నయాగరా నదిలో సగటున రెండు లక్షల క్యూసెక్కుల నీరు పారును. మన గోదావరి 1986వ సంవత్సరపు వరదలో ముప్పది లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను. వేసవిలో ఆ గోదావరియే ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయయగును. నయాగరాకు ఇట్టి హెచ్చుతగ్గులు లేవు. పైనున్న నాలుగు సరస్సులును ధాన్యపు గాదెలవలె నీటిని నిలువచేసి, ఏడాది పొడవునను ఇంచుమించు సమముగా ఇచ్చుచుండును. 1848వ సంవత్సరము మార్చి నెలాఖరున మాత్రము ఒక వింత జరిగినది. ఈరీ సరస్సునుండి గాలికి కొట్టుకొనివచ్చిన మంచుగడ్డలు నదీముఖమున ఆనకట్టవలె అడ్డుపడెను. జలపాతము ఒక దినమునకు పైగా నిలిచిపోయెను. రేయింబవళ్లు వినిపించుచుండిన హోరు ఒక్కసారిగా అణగిపోగా, ఆ నిశ్శబ్దమునకే జనులు మేల్కొని భయపడిరట. పిమ్మట ధైర్యముగలవారు ఎండిన నదీగర్భములోనికి దిగి నడచిరి. మంచు విరిగిన వెంటనే నీరు మరల దూకెను.

ఈ జలపాతము అనాదినుండి ఉన్నది కాదు. సుమారు పండ్రెండువేల సంవత్సరముల క్రిందట, ఆ ప్రాంతమును కప్పియుండిన మహా హిమరాశులు కరగి ఉత్తరమునకు తొలగినప్పుడు ఇది పుట్టినది. అప్పుడు ఇది ఇప్పుడున్న చోటకూడ లేదు. నేటి చోటికి దిగువన సుమారు ఏడు మైళ్ల దూరమున, క్వీన్‌స్టన్ అను ఊరికడ, ఒక పొడవైన కొండచరియ అంచునుండి ఆనాడు నీరు దూకుచుండెను. అచ్చటినుండి ఇచ్చటికి జలపాతము వెనుకకు నడచివచ్చినది!

జలపాతము నడచుటెట్లని మీరడుగవచ్చును. ఆ కొండచరియయందు పైపొర డోలమైటు అను గట్టిరాయి. దాని క్రింద పలుచని పొరలు పొరలుగా విడిపోవు మెత్తని రాయి. పైనుండి పడిన నీరు సుడులు తిరుగుచు క్రింది మెత్తని రాతిని తొలచును. శీతకాలమున నెఱ్ఱెలలోని నీరు గడ్డకట్టి ఉబ్బి రాతిని పగులగొట్టును. క్రమముగా పైనున్న గట్టిరాయి ఆధారములేని చూరువలె ముందుకు పొడుచుకొనివచ్చి, ఒకనాడు తన బరువునకు తానే విరిగి పడును. అంచు కొన్ని అడుగులు వెనుకకు పోవును. మరల తొలచుట మొదలగును. కూర్చున్న కొమ్మనే నరుకుకొనువానివలె జలపాతము తాను నిలిచిన మెట్టును తానే తొలచుకొనుచున్నది. అది వెనుకకు నడచిన త్రోవయే నేడు దానికి దిగువన లోతైన కనుమగా కనబడుచున్నది.

ఈ నడక ఎంత వేగముగా సాగినది? చార్లెస్ లయల్ అను స్కాట్లండు భూగర్భశాస్త్రజ్ఞుడు 1841లో నయాగరాను దర్శించి, ఏటికి ఒక అడుగు చొప్పున వెనుకకు పోవుచున్నదని తలంచి, ఈ కనుమ ఏర్పడుటకు 35,000 సంవత్సరములు పట్టియుండునని లెక్కకట్టెను. తరువాత కొలతలు జాగ్రత్తగా తీయగా, పందొమ్మిదవ శతాబ్దమున లాడపు జలపాతము ఏటికి సగటున మూడు నాలుగు అడుగులు వెనుకకు జరుగుచుండెనని తేలినది. నేడు ఆ నడక ఏటికి ఒక అడుగునకు మించదని అంచనా. ప్రకృతి తన పనిని మానుకొన్నదా? కాదు. నడుమ మనుష్యుడు ప్రవేశించెను. ఎట్లు ప్రవేశించెనో తెలిసికొందము.

నయాగరా అను పేరు అచ్చటి ఆదివాసుల భాషలనుండి వచ్చినది. ఐరోపావారికంటె ఎన్నో శతాబ్దములకు ముందే వారు దీనిని ఎరుగుదురు. లూయీ హెన్నెపిన్ అను మతబోధకుడు 1678లో దీనిని చూచి, తరువాత తన గ్రంథములలో వర్ణించెను. ఆశ్చర్యముచే కాబోలు, అతడు దీని ఎత్తును ఉన్నదానికి మూడింతలు చేసి చెప్పెను. కాని ఆ కాలపు వర్తకులకు ఈ జలపాతము అందముగా తోచలేదు, అడ్డంకిగా తోచెను. సరస్సులమీదుగా పడవలలో వచ్చిన సరకును జలపాతమునకు ముందే దింపి, మనుష్యుల వీపులపైనను బండ్లపైనను కొండచరియ దాటించి, మరల వేరు పడవల కెక్కింపవలసి వచ్చెడిది. ఈ త్రోవపై అధికారమునకై రాజ్యములు కోటలు కట్టి పోరాడెను. 1825లో ఈరీ సరస్సునుండి హడ్సన్ నదికి ఒక కాలువయు, 1829లో కెనడా భూభాగమున వెల్లండ్ కాలువయు తెఱవబడెను. లాకుల సహాయమున ఓడలు జలపాతమును తప్పించుకొని పోవుట సాధ్యమయ్యెను. నేటి వెల్లండ్ కాలువ 1932లో ప్రారంభమైనది. ఎనిమిది లాకులు ఓడలను మెట్టుమెట్టుగా ఎక్కించి దింపును.

అడ్డంకి తొలగిన పిమ్మట జలపాతము వేడుకగా మారినది. రైళ్లు వచ్చెను. యాత్రికులు వేలకొలదిగా వచ్చిరి. వారిని రప్పించుటకై విచిత్రములు జరిగెను. 1859లో బ్లాండిన్ అను ఫ్రెంచి గారడీవాడు కనుమపై కట్టిన త్రాటిమీద నడచి దాటెను. 1901లో ఆనీ టేలర్ అను ఉపాధ్యాయిని, తన అరువదిమూడవ జన్మదినమున, పీపాలో కూర్చుండి లాడపు జలపాతమునుండి పడి బ్రతికెను. వృద్ధాప్యమున ధనము లభించునని ఆమె ఆశపడెను. కాని పేదరాలుగనే మరణించెను. ఇంతలో ఒడ్డునగల భూమి కొన్నవారు కంచెలు కట్టిరి. జలపాతము కనబడు ప్రతి చోటను రుసుము చెల్లించిననే గాని చూడనీయరైరి. ఒడ్డున మిల్లులును అంగళ్లును క్రిక్కిరిసెను. ఆకాశమువలె అందరిదిగా ఉండవలసిన దృశ్యమునకు వాకిళ్లు ఏర్పడెను.

దీనిని సహింపలేక ఉద్యానవనముల నిర్మాత ఫ్రెడరిక్ ఆమ్‌స్టెడ్, చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్ మొదలగువారు నయాగరాను విడిపింపవలెనని ఉద్యమించిరి. వారి కృషి ఫలించి, న్యూయార్కు రాష్ట్రము ఒడ్డునగల భూమిని కొని, కంచెలు పెరికించి, 1885 జూలై 15వ తేదీన అందరికిని ఉచితముగా తెఱచెను. కెనడావారును తమ ఒడ్డున 1888లో విక్టోరియా రాణి పేర ఉద్యానమును తెఱచిరి. ఒడ్డు ప్రజలదైనది. ఇక నీరు ఎవరిది?

ఆ ప్రశ్న విద్యుత్తుతో వచ్చినది. 1881లో జేకబ్ షెల్‌కాఫ్ అను వర్తకుడు తన కాలువనీటితో చిన్న విద్యుద్యంత్రమును నడిపి, ఊరి వీధులలో దీపములు వెలిగించెను. కాని ఆనాటి ఏకముఖ విద్యుత్తు ఎక్కువ దూరము పోజాలదు. యంత్రమునకు దగ్గరగా ఉన్నవారికే అది ఉపయోగము. దూరముననున్న నగరములకు దానిని పంపుటెట్లు? దిశను మార్చుకొనుచు ప్రవహించు ఏకాంతర విద్యుత్తు దీనికి పరిష్కారమయ్యెను. నికోలా టెస్లా కనుగొన్న పద్ధతులతో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఒక్కొక్కటి అయిదువేల అశ్వశక్తిగల యంత్రములను నిర్మించెను. 1895లో అవి నడచుట మొదలిడెను. 1896 నవంబరు 16వ తేదీన, అర్ధరాత్రి దాటగానే, ఇరువది మైళ్లకు పైగా దూరముననున్న బఫలో నగరమునకు నయాగరా విద్యుత్తు చేరెను. నది ఒకచోట, వెలుగు మరియొకచోట అను నేటి ఏర్పాటునకు ఇది గొప్ప నాంది.

చౌక విద్యుత్తు పరిశ్రమలను పిలిచినది. అల్యూమినియమును ముడిపదార్థమునుండి వేరుచేయుటకు విద్యుత్తు విస్తారముగా కావలెను. ఆ కర్మాగారమే మొదటి కొనుగోలుదారు. సానబట్టుటకు పనికివచ్చు కార్బొరండము, ఉప్పునీటినుండి తీయు క్లోరిను, దాహకసోడా మొదలగువానిని తయారుచేయు కర్మాగారములు వరుసగా వెలసెను. వేలమందికి పని దొరకెను. కెనడా వైపున ఆడం బెక్ అను నాయకుడు, నీరు ప్రజలది గనుక విద్యుత్తును ప్రజలకు లాభాపేక్ష లేక ఉత్పత్తి ఖర్చుకే అందవలెనని పట్టుపట్టెను. ఆంటారియో రాష్ట్రము 1906లో అందులకై ప్రభుత్వ సంస్థను ఏర్పరచెను. ఆ సంస్థ క్వీన్‌స్టన్ కడ నిర్మించిన కేంద్రము 1922 జనవరిలో విద్యుత్తు నిచ్చుట ప్రారంభించెను. దాని నిర్మాణమున ఒక యుక్తి యున్నది. జలపాతము వద్ద నీరు పడు ఎత్తు 170 అడుగులే. కాని జలపాతమునకు పైననే నీటిని కాలువలోనికి మళ్లించి, కనుమ చివరనున్న క్వీన్‌స్టన్ కడ దింపినచో, దాదాపు 300 అడుగుల ఎత్తు లభించును. అదే నీటినుండి ఇంచుమించు రెట్టింపు శక్తి పుట్టును. యుక్తి మంచిదే. అయితే అట్లు మళ్లించిన ప్రతి బొట్టును జలపాతమునకు రాని బొట్టే యగును!

ఈ విధముగా రెండు దేశములును పోటీపడి నీరు తీసికొనుచు పోయినచో, పాలకై ఆవు పొదుగును కోసినట్లు, కొంతకాలమునకు జలపాతమే మిగులదు. ఈ భయము కొందరికి ముందే కలిగెను. 1906లో అమెరికా శాసనసభ నీటి వినియోగమునకు హద్దు పెట్టెను. 1909లో రెండు దేశములును సరిహద్దు జలములగూర్చి ఒప్పందము చేసికొనెను. తుదకు 1950వ సంవత్సరమున నయాగరా సంధి కుదిరెను. దాని నియమము చిన్నది, స్పష్టమైనది. యాత్రికులు వచ్చు ఋతువున పగటివేళ జలపాతముపై లక్ష క్యూసెక్కులకు తగ్గక నీరు పడవలెను. రాత్రులయందును, శీతకాలమునను ఏబదివేల క్యూసెక్కులకు తగ్గరాదు. మిగిలిన నీటిని రెండు దేశములును సమముగా పంచుకొనవలెను. ఈ సంధినిబట్టి జలపాతమునకు పైన తలుపులుగల ఆనకట్ట కట్టబడెను. తగ్గిన నీరు అంచునిండ సమముగా పరచుకొనునట్లు లాడపు జలపాతపు కొనలు చెక్కబడెను.

కావున నేటి యాత్రికుడు పగటివేళ చూచునది నది తెచ్చు నీటిలో సగము మాత్రమే, రాత్రివేళ పావువంతే. మిగిలినది సొరంగములలో ప్రవహించుచు టర్బైనులను త్రిప్పుచుండును. రాత్రి మిగిలిన విద్యుత్తుతో నీటిని జలాశయములలోనికి ఎక్కించి, పగలు అవసరమైనప్పుడు దింపుదురు. కెనడావారు 2013లో పది కిలోమీటర్లకు పైగా పొడవుగల మరియొక సొరంగమును పూర్తిచేసిరి. రెండు దేశముల కేంద్రములును కలిసి నాలుగువేల మెగావాట్లకు మించిన శక్తి నీయగలవు. జలపాతపు నడక మందగించుటకు కారణము ఇదియే. తొలచు నీరు తగ్గినది గనుక తొలచుటయు తగ్గినది.

ఐనను ఈ సంపదకు మూల్యము చెల్లించినవారు గలరు. 1956 జూన్ 7వ తేదీన కనుమ గోడ విరిగిపడి అమెరికా ఒడ్డునగల షెల్‌కాఫ్ విద్యుత్కేంద్రము చాలవరకు నేలమట్టమయ్యెను. దాని లోటు తీర్చుటకై 1961లో పెద్ద కేంద్రము వెలసినది. దాని జలాశయమునకు భూమి కావలసివచ్చెను. ఆ భూమిలో సుమారు 550 ఎకరములు టస్కరోరా అను ఆదివాసీ జాతివారిది. తమ భూమిని అమ్మబోమని వారు న్యాయస్థానములలో పోరాడిరి. 1960లో అత్యున్నత న్యాయస్థానము వారికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. గొప్ప దేశములు ఇచ్చిన మాట నిలుపుకొనవలెనని న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ తన భిన్నాభిప్రాయమున వ్రాసెను. కాని భూమి నీట మునిగినది.

మరియొక మూల్యము ఆలస్యముగా తెలిసినది. 1890 ప్రాంతమున విలియం లవ్ అను నాతడు విద్యుత్తుకై కాలువ త్రవ్వ మొదలిడి, ధనము చాలక నడుమ విడిచెను. అర్ధశతాబ్దము తరువాత ఒక రసాయన సంస్థ ఆ గోతిని సుమారు ఇరువదివేల టన్నుల విషపదార్థములతో నింపి, పైన మన్ను కప్పెను. దానిపై పాఠశాలయు, చుట్టును ఇండ్లును వెలసెను. విషము నేలనుండి ఊరి ఇండ్లలోనికి రాగా, 1978లో ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించి, వందల కుటుంబములను తరలించెను. ఇట్టి స్థలములను శుభ్రపరచుటకై 1980లో అమెరికాలో శాసనము పుట్టుటకు అచ్చటి తల్లుల పోరాటము ముఖ్యకారణము.

ఇక 1969వ సంవత్సరపు కథ వినదగినది. అమెరికా వైపు జలపాతము క్రింద బండలు పెరుగుచుండుట చూచి, కొంతకాలమునకు అది దూకుట మాని మెట్లపై జారునేమో యని జనులు చింతించిరి. ఆ బండలను తొలగింపవచ్చునా యని పరీక్షించుటకై సైనిక ఇంజనీర్లు జూన్ నెలలో మట్టికట్ట వేసి, ఆ ధారను పూర్తిగా ఆపిరి. నీరంతయు లాడపు జలపాతమునకు మళ్లెను. ఐదు నెలలకు పైగా అచ్చట ఎండిన రాయి మాత్రమే నిలిచెను. దానిని చూచుటకును యాత్రికులు వచ్చిరి! ఇంజనీర్లు పగుళ్లను పరీక్షించిరి, వదులైన రాతిని బిగించిరి. నవంబరులో నీటిని మరల విడిచిరి. బండలను తీయగల యంత్రములును ధనమును వారికి గలవు. అయినను రెండు దేశముల సంయుక్త సంఘము కొన్ని సంవత్సరములు ఆలోచించి, 1975లో వానిని తీయనక్కరలేదని చెప్పెను. రాయి విరిగి పడుటయు జలపాత జీవితములోని భాగమే యనియు, దానిని కృత్రిమముగా అలంకరింపరాదనియు వారి అభిప్రాయము.

నది శక్తి నిచ్చును; మనము తీసికొనుట తప్పు కాదు. బఫలో వీధులలో వెలిగిన దీపములు నయాగరా దానమే. నేడు అమెరికా ఒడ్డునుండి యాత్రికులను జలపాతపు తుంపరలలోనికి తీసికొనిపోవు నావలు సైతము 2020నుండి జలవిద్యుత్తుతో నింపిన బ్యాటరీలతోనే నడచుచున్నవి. కాని ఎంత తీసికొనవలెను, ఎంత విడువవలెను, ఎవరిది తీసికొనుచున్నాము అను మూడు ప్రశ్నలను నయాగరా నూరేండ్లకు పైగా మనుష్యుని అడుగుచున్నది. మొదటి రెంటికి 1950వ సంవత్సరపు సంధి సమాధానము చెప్పినది. మూడవదానికి టస్కరోరావారి మునిగిన పొలములు ఇంకను సమాధానమును కోరుచున్నవి. నీటిని పంచుకొనవలసిన ప్రతి దేశమును, ప్రతి ఊరును ఈ మూడు ప్రశ్నలను తనకు తాను వేసికొనవలసినదే.